రొమ్ము ఎముక వెనక

వట్లూరు,
24 జూన్ 2024

పెద్దమ్మా,

చెవి మిషన్ పెట్టుకుని ఫోనెత్తితే అది కూస్తుంది, తీసేసి ఎత్తితే నేను అరవాలి. మొన్న నా కేకలు విని కిందింటి లక్ష్మీదుర్గ గారు నేనెవరితోనో పోట్లాడుతున్నాననుకుని మెట్ల దాకా వచ్చారు. అందుకే ఉత్తరాల్లోకి దిగాను. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా నీలో పంతులమ్మ రిటైరవలేదని తెలుసు, ఆ ఎర్ర పెన్ను కాస్త దాచెయ్యి.

విజయవాడ డాక్టరు గారు చెప్పింది ఫోన్లో నీకు సగమే అందింది. మళ్లీ చెబుతాను. మనిషికి రొమ్ము ఎముక వెనక, గుండెని కప్పుకుని థైమస్ అనే మెత్తటి గ్రంథి ఒకటి ఉంటుందట. పసితనంలో పెద్దగా ఉండి, వయసొచ్చేకొద్దీ కరిగిపోతుంది. అది ఒక బడి అనుకో. ఎముకల మజ్జలో పుట్టిన కణాలు అక్కడికి వచ్చి, మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో నేర్చుకుని ఒంట్లోకి కాపలాకి వెళతాయి. వాటినే టి కణాలంటారు. నెలల పిల్లప్పుడు నా గుండెకి ఆపరేషన్ చేశారు కదా, దారికి అడ్డమని అప్పుడు ఆ గ్రంథిని తీసేశారట. అలా తీసినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. నాకు మాత్రం కాపలావాళ్లు తగ్గిపోయారు. రెండు నిమోనియాలు, నోట్లో పూత, నడుం చుట్టూ సర్పి, అన్నీ అందుకేనని ఇప్పుడు తేలింది.

ఇప్పుడొక ఇంజక్షన్ మొదలెట్టారు. థైమస్ తయారుచేసే పెప్టైడ్లని కొన్ని చిన్న ప్రొటీన్ ముక్కలున్నాయి, అందులో ఒకదాన్ని ల్యాబ్‌లో చేసి ఇస్తున్నారు. మొదట్లో అలాంటివి దూడల థైమస్ నుంచి తీసేవారట. అది బడిని తిరిగి కట్టదు, ఉన్న కణాలని తట్టి పనిలోకి లేపుతుందని ఆశ. కొందరికి పనిచేసింది, కొందరికి లేదు, మాటివ్వలేనన్నారు డాక్టరు గారు. బడి లేకపోయినా ఇన్‌స్పెక్టరు మాత్రం వచ్చి వెళుతున్నట్టుంది నా పరిస్థితి.

గుంపుల్లోకి వెళ్లకూడదు. చర్చి వద్దు, బస్సు వద్దు, బయటి తిండి వద్దు. కాలేజీలో చెప్పే లెక్కలు ఇంటి నుంచే కంప్యూటర్లో చెబుతున్నాను. పొద్దున్నే లేచి మెట్ల ఇనుప కమ్మీని పై నుంచి చెయ్యి అందినంత మేర స్పిరిట్‌తో తుడవడం ఒక్కటే నేను చేసే షికారు. పక్కన మనిషి లేక మాట మరిచిపోతానేమోనని భయంగా ఉంది. నువ్వొచ్చి నా దగ్గర ఉండు పెద్దమ్మా.

నీ పెర్సిస్

*

కైకలూరు,
3 జూలై 2024

పెర్సిస్ పాపకి పెద్దమ్మ దీవెనలు. బాతులు కూడా అడిగాయని రాయమన్నాయి.

నీ ఉత్తరంలో తప్పులు పెద్దగా లేవు. ఇన్‌స్పెక్టర్లని మాత్రం ఏమీ అనకు, నా సర్వీసులో ఒక్కడు మంచివాడు వచ్చాడు. బడి అని చెప్పావు కనక నాకు ఇట్టే బోధపడింది. మా బడి సంగతి తెలుసుగా, నేను దిగిపోయాక పిల్లలు చాలరని పక్కూరి బడిలో కలిపేశారు. ఇప్పుడు ఒకటో తరగతి గదిలో చేపల మేత బస్తాలు వేసుకుంటున్నారు. అటు వెళ్లినప్పుడల్లా మొహం తిప్పుకుని నడుస్తాను.

నువ్వు ఇంజక్షన్ల మీదే ఆధారపడకు. దూడకి ఉన్నప్పుడు మేకకి ఉండదా అని, ఆదివారం ఆరాధన అయ్యాక మాంసం కొట్టుకి వెళ్లాను. "మేకపిల్లకి గొంతు దిగువన తెల్లగా, మెత్తగా ఉంటుందే, అది కావాలయ్యా" అన్నాను. "అదెవరూ అడగరండీ అమ్మగారూ, ఊరికే పట్టుకెళ్లండి" అన్నాడు. మిరియాలు దట్టించి చారు కాచి, నీకు పంపిస్తున్నాను. మన చెరువు కౌలుకి చేస్తున్న సత్తిరాజు మేత కోసం వ్యానేసుకుని మీ పక్కనున్న ఏలూరు వస్తున్నాడు, వాడు తెచ్చిస్తాడు. వెచ్చబెట్టుకుని తాగు.

ఆ సత్తిరాజు ఎంత గట్టివాడనుకున్నావు! రొయ్యల చెరువు చుట్టూ వల కట్టేశాడు. గట్టు ఎక్కాలంటే గులాబీరంగు మందునీళ్ల తొట్లో కాళ్లు ముంచాల్సిందే. చెరువు నాదిరా అంటే "మీదేనండీ, రొయ్యలు నావండీ. రోగం మనుషుల కాళ్ల మీదే వస్తాదండీ" అంటాడు. ఇన్నాళ్లూ వాడి మీద మండిపడ్డాను. నీ గది సంగతి చదివాక ఆ కోపం పోయింది.

నేను రావడం కుదరదే. బాతుల్ని ఎవరు చూస్తారు? పైగా ఆ మేడ గదిలో నాకు ఊపిరాడదు.

ఆపరేషన్ మాట ఎత్తావు కనక రాస్తున్నాను. అప్పుడు మీ అమ్మ రత్నకుమారి తాడేపల్లిగూడెం ఆస్పత్రిలో మంచం మీద ఉంది, మీ నాన్నకి చేతులూ కాళ్లూ ఆడలేదు. మద్రాసు నిన్ను ఎత్తుకెళ్లింది నేను, సరే కొయ్యండి అన్నదీ నేనే. ఆ తర్వాత ఏడాది పాటు నీ గుండె మీద అరచెయ్యి వేసుకునే పడుకున్నాను. చేతి కింద అది కొట్టుకుంటుంటేనే నాకు నిద్ర పట్టేది.

చారు తాగి ఎలా ఉందో రాయి.

విక్టోరియా పెద్దమ్మ

*

వట్లూరు,
22 జూలై 2024

పెద్దమ్మా,

నీ చారు గురించి ముందు చెప్పేస్తాను, నవ్వు ఆపుకోలేకపోతున్నాను. సత్తిరాజు గారు క్యారేజీ మెట్ల దగ్గర పెట్టి, అడక్కుండానే చెప్పులు వదిలి, "కాళ్లు ఎక్కడ కడుక్కోవాలండీ?" అన్నారు. మా మెట్లు ఎక్కినవాళ్లలో అలా అడిగింది ఆయనొక్కరే. చారు నేను తాగలేదు, తాగకూడదు. లక్ష్మీదుర్గ గారి కుక్క తాగింది. దాని టి కణాలు ఇప్పుడు దివ్యంగా ఉండి ఉంటాయి, వీధిలో ఒక్క కుక్కని నిలవనివ్వడం లేదు.

పెప్టైడ్ తాగితే పనిచెయ్యదు పెద్దమ్మా. కడుపులోకి వెళ్లాక పప్పుచారుకీ దానికీ తేడా ఉండదు, అరిగిపోతుంది. అందుకే సూది. అయినా చిన్నప్పుడు నువ్వే సరేనని తీయించేసిన దాన్ని ఇప్పుడు మేక మెడలో వెతుకుతున్నావా? నీకంటే మతిమరుపు మనిషి ఇంకెవరైనా ఉన్నారా?

మంచి కబురు ఒకటుంది. ఈసారి రక్తపరీక్షలో కణాల లెక్క కొంచెం పెరిగింది. డాక్టరు గారు పొంగిపోవద్దన్నారు, ఒక్కోసారి ఊరికే పెరిగి మళ్లీ తగ్గుతాయట. అయినా ఆ పూట నాకు నేనే పాయసం చేసుకున్నాను. ఒక్కదాన్నే తిన్నాను. రెండో గిన్నె కూడా బల్ల మీద పెట్టాను, ఎందుకో తెలీదు.

బాతులు నాకంటే ఎక్కువా? ఈసారి జవాబులో బస్సు ఎప్పుడెక్కుతావో మాత్రమే రాయి.

నీ పెర్సిస్

*

కైకలూరు,
5 ఆగస్టు 2024

చిరంజీవి పెర్సిస్‌కి,

ఉత్తరం అందింది. లెక్క పెరిగిందన్న మాట చదివి మోకరించాను. ఆదివారం గుడిలో నీ పేరు మీద కృతజ్ఞతార్పణ చెల్లించాను. మన పాస్టరు ఆనంద్ పాల్ అయ్యగారు పీఠం దగ్గర నిలబడి, మన పెర్సిస్‌ను దేవుడు స్వస్థపరిచాడని చెప్పి స్తుతి చేయించారు. నాకు సరిగ్గా వినపడలేదు కానీ అందరూ నా వైపు తిరిగి చూశారు.

చారు ఇక పంపను. నీకు అక్కర్లేనివి పంపి ఇబ్బంది పెట్టను.

బస్సు సంగతి ఇప్పుడు చెప్పలేను. ఒంట్లో జాగ్రత్త.

విక్టోరియా

*

వట్లూరు,
19 ఆగస్టు 2024

పెద్దమ్మా,

నేను స్వస్థపడ్డానని నీకెవరు చెప్పారు? కొంచెం పెరిగింది అని రాశాను. కొంచెం అన్న మాట నీకెందుకు ఆనలేదు?

నిన్న మన గుడి స్త్రీల సమాజం మొత్తం టెంపో కట్టించుకుని వచ్చింది. పాటల పుస్తకాలు, పళ్లు, కేకు. కేకు మీద నా పేరు కూడా రాయించారు. గేటు బయట నిలబడి పాడుతుంటే వీధివీధంతా బయటికొచ్చింది. నేను మాస్కు పెట్టుకుని మెట్ల పైన గ్రిల్ వెనక నిలబడి దణ్ణం పెట్టాను. "దేవుడు బాగుచేశాక ఇంకా మూతికి గుడ్డెందుకమ్మా, తలుపు తియ్యి" అన్నారు అయ్యగారి భార్య రత్నమాణిక్యం గారు. తియ్యలేనండీ అన్నాను. విశ్వాసం లేనిదాన్ని చూసినట్టు చూశారు. అందులో సగం మంది నాకు చిన్నప్పుడు అన్నం తినిపించినవాళ్లు. కేకు గేటుకి తగిలించి వెళ్లిపోయారు.

ఇంత చేసీ నువ్వు మాత్రం రాలేదు. టెంపో కిటికీలన్నీ వెతికాను. అందరూ వచ్చారు, నువ్వు తప్ప. బాతులే కారణమైతే బాతులతోనే ఉండు.

పెర్సిస్

*

వట్లూరు,
12 సెప్టెంబర్ 2024

పెద్దమ్మా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మునిగిందని టీవీలో చూశాను. సత్తిరాజు గారికి ఫోన్ చేస్తే మీ ఇంట్లోకి నీళ్లు రాలేదన్నారు, తన చెరువు గట్టు మాత్రం తెగి రొయ్యలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయన్నారు. "వల కట్టాంగానీ కొల్లేరుకి కట్టలేం కదండీ" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను ఆస్పత్రిలో ఉండి వచ్చాను. మొన్నటి ఉత్తరం పోస్టు చేసిన వారానికి జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇప్పుడు తగ్గింది, భయపడకు. కణాల లెక్క మళ్లీ పాత చోటికే వచ్చింది. ఇంజక్షన్ ఇంకొన్నాళ్లు ఇచ్చి చూస్తారట, కానీ డాక్టరు గారి గొంతులో వెనకటి హుషారు లేదు.

నీకు రాయనిది ఒకటుంది. టెంపో వాళ్లు వెళ్లబోయే ముందు ఎవరో పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, గ్రిల్‌లోంచి చెయ్యి పెట్టి నా తల మీద వేసి ప్రార్థన చేశారు. దగ్గుతూనే చేశారు. వెనక్కి జరగాలని నాకు తెలుసు. జరగలేదు. మనిషి చెయ్యి నా మీద పడి ఎన్ని నెలలయిందో! ఇంకాసేపు ఉంచితే బాగుండుననిపించింది. జ్వరం అలా వచ్చిందో ఇంకెలా వచ్చిందో ఎవరికీ తెలీదు, కానీ తప్పు నీ మీద వేసి రాసిన ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ చెయ్యి నీది కాకపోవడమే నా బాధ. ఎందుకు రావడం లేదు పెద్దమ్మా? నా రోగం అంటుకునేది కాదు. అలా ఎవరైనా చెప్పారా? ఒక్క ముక్క రాయి.

పెర్సిస్

*

కైకలూరు,
20 సెప్టెంబర్ 2024

పాపా,

మొదటిది ఎక్కడో చిక్కుకుని, ఆనక నీళ్ల వల్ల పోస్టే ఆగిపోయి, నీ ఉత్తరాలు రెండూ ఇవాళ ఒక్కసారే వచ్చాయి. తిట్టిన దాన్నీ, ఆస్పత్రి సంగతి ఉన్న దాన్నీ వరసగా చదివాను. నువ్వు అంత జబ్బుతో ఉంటే నేనిక్కడ బాతులకి నూకలు వేస్తున్నాను. ఈ చెవులు పాడైపోవడం కంటే కళ్లు పోయినా బాగుండేది, నీ ఫోను వినేదాన్ని.

గుడిలో జరిగింది నా తొందరే. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. టెంపో బయల్దేరిన రోజున నన్నూ ఎక్కమన్నారు. చీర కట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్లి పడుకున్నాను.

నువ్వే సరేనని తీయించేశావు అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నువ్వు నవ్వుతూనే రాసి ఉంటావు, నీ సంగతి నాకు తెలీదా? కానీ నాకు నవ్వు రాలేదే. ఆ రోజు డాక్టర్లు ఇంగ్లీషులో ఏదేదో చెప్పారు. నేను అడిగింది ఒక్కటే, పిల్ల బతుకుతుందా అని. దారిలో ఇంకేం తీస్తారు, దానివల్ల ఏమవుతుంది అని అడగలేదు. పిల్లలకి పాఠం చెబుతూ ప్రశ్నలు అడగండర్రా, అడగండర్రా అని ముప్పయ్యేళ్లు గొంతు చించుకున్న మనిషిని, నా పిల్లకి కావలసిన ప్రశ్న అడగలేకపోయాను. ఇప్పుడు వచ్చి నీ ఎదురుగా కూర్చుంటే, నువ్వు మందు వేసుకున్నప్పుడల్లా, దగ్గినప్పుడల్లా నా వైపు చూస్తావు. ఏమీ అనవు. నువ్వు ఏమీ అనకపోవడాన్ని నేను భరించలేను. అందుకే రాలేదు. బాతుల పేరు వాడుకున్నాను, పాపం వాటికేం తెలుసు.

మన్నించమని అడగడానికి కూడా మొహం లేదు.

పెద్దమ్మ

*

వట్లూరు,
27 సెప్టెంబర్ 2024

పిచ్చి పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చి, డాక్టరు గారికి ఫోన్ చేశాను. నువ్వు ఆ రోజు అడగలేదన్న ప్రశ్న నేనిప్పుడు అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పసిపిల్లకి ఆ గ్రంథి దుప్పటిలా గుండెని కప్పేసి ఉంటుంది. దాన్ని తొలగించకపోతే నాకు కావలసిన ఆపరేషన్‌కి చెయ్యి పెట్టే చోటే లేదు. ఎవరు అడిగినా, ఎన్ని ప్రశ్నలు వేసినా అప్పుడు అదే చేసేవాళ్లు, ఇవాళ కూడా చాలాసార్లు అదే చేస్తారు. చెయ్యకపోతే నాకు ఏడాది కూడా నిండేది కాదట. టి కణాలు తక్కువని ఏడవడానికి ముందు మనిషి ఉండాలి కదా! ఆ ఉండడం నువ్వు ఇచ్చింది. ఇంత చిన్న లెక్క నాకు ముందే తట్టక, నవ్వులాటకి ఆ మాట రాశాను. లెక్కలు చెప్పి బతుకుతున్నాను, సిగ్గేస్తోంది.

నువ్వు నా ఎదురుగా కూర్చుంటే నీ వైపు చూస్తాను, నిజమే. చూడడానికి ఇంకెవరున్నారు ఇక్కడ? గోడ మీద బల్లి తప్ప నన్ను కళ్లలోకి చూసే ప్రాణి లేదు.

జలుబూ దగ్గూ లేని మనిషి ఒకరు నాతో ఉండొచ్చని డాక్టరు గారు ఒప్పుకున్నారు. కింద పక్క గది ఖాళీగా ఉంది, సామాను అందులో పెట్టుకోమని లక్ష్మీదుర్గ గారు అన్నారు. ఇంజక్షన్ పనిచేసినా చెయ్యకపోయినా నా బతుకు ఈ గది చుట్టూనే, అది నాకు తెలిసిపోయింది. అందులో నువ్వు ఉంటావా లేదా, అది చెప్పు చాలు.

నీ పెర్సిస్

*

వట్లూరు, కింది గది,
14 అక్టోబర్ 2024

పైనున్న పాపకి, కిందున్న పెద్దమ్మ రాయునది.

కూరగాయల బుట్టలో పెట్టి లక్ష్మీదుర్గ గారు దీన్ని పైకి పంపిస్తారు. నవ్వకు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాసుకోవడం మన వంశంలోనే పుట్టాలి.

బాతుల్ని సత్తిరాజు పెళ్లానికి ఇచ్చేశాను. రొయ్యలు పోయిన ఇల్లు, గుడ్లైనా అమ్ముకుంటారు. బస్సు కొల్లేరు దాటుతుంటే ఇటూ అటూ నీళ్లే, మధ్యలో రోడ్డు మాత్రం తేలి ఉంది. నా పక్క సీట్లో ఒకాయన ఏలూరు దాకా తుమ్ముతూనే వచ్చాడు. మాస్కు ఉందిలే అనుకున్నాను. బస్సు దిగిన ఒంటితో పైకి రాకూడదని ఆ రాత్రి కిందే పడుకున్నాను, మర్నాటికే నాకు ముక్కు కారడం మొదలు. మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తే నువ్వు గ్రిల్ పట్టుకుని, రా రా అని చెయ్యి ఊపుతున్నావు. నాకు కాలు ఆగలేదు. కానీ సత్తిరాజు గుర్తొచ్చాడు. సొంత చెరువు గట్టు ఎక్కడానికే నన్ను ఆపినవాడు వాడు. అందుకే నీకు చెయ్యి అడ్డంగా ఊపి మళ్లీ ఈ గదిలోకి వచ్చేశాను. నువ్వు ఏదో అన్నావు, వినపడలేదు. మొహం చూస్తే తిట్టినట్టే ఉంది.

ఈ జలుబు పూర్తిగా పోయి, డాక్టరు గారు సరే అన్నాకే మెట్లెక్కుతాను. అప్పటిదాకా ఇక్కడే. లక్ష్మీదుర్గ గారు కాఫీ గుమ్మం బయట పెట్టి వెళుతున్నారు. ఇన్నాళ్లూ నువ్వు ఎలా ఉన్నావో నాకు ఇప్పుడు తెలుస్తోంది. గది చిన్నది కాదు, అందులో నీళ్లు కావాలా అని అడిగేవాళ్లు లేకపోవడం ఉందే, అదే ఊపిరాడనివ్వదు.

పైన నువ్వు నడుస్తావు, పాఠం చెబుతావు, కుర్చీ జరుపుతావు. ఈ చెవులకి ఏదీ అందదు. నా తల మీదే తిరుగుతున్న పిల్ల ఉందో లేదో తెలీక మొదటి రోజంతా సీలింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున్న మెట్ల మొదట్లో నిలబడి కమ్మీ మీద చెయ్యి వేశాను. వేసిన చోట తర్వాత స్పిరిట్‌తో తుడిచాన్లే, కంగారుపడకు. అప్పుడే నువ్వు పై కొసన తుడవడం మొదలెట్టినట్టున్నావు. ఆ కదలిక ఇనుంలోంచి దిగి నా అరచేతికి తగిలింది. చేతి కింద నువ్వు మళ్లీ నెలల పిల్లవైపోయావు పాపా. నువ్వు ఆపేదాకా చెయ్యి తియ్యలేదు.

రేపు తుడవడం అయ్యాక కమ్మీని రెండుసార్లు తట్టు. నేను కింద ఉంటాను.

పెద్దమ్మ